కచేరీ రికార్డింగులు దాచుకోవడానికి శామ్‌సంగ్ టీ7 షీల్డ్: ఒక వయొలిన్ విద్యార్థి సమీక్ష

సంగీత విద్వాంసుల ఇళ్లలో రికార్డింగులు ఒకచోట ఉండడం అరుదు. కొన్ని క్యాసెట్లలో, కొన్ని సీడీల్లో, కొన్ని శిష్యుల ఫోన్లలో, మరికొన్ని ఎప్పుడో ఎవరో ఇచ్చి వెళ్లిన పెన్‌డ్రైవుల్లో ఉంటాయి. విజయనగరంలో మా వయొలిన్ గురువుగారి రికార్డింగులను ఒకచోటికి చేర్చే పని చేపట్టినప్పుడు నేను ఎంచుకున్నది శామ్‌సంగ్ టీ7 షీల్డ్ అనే పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీ (డేటాను చిప్పుల్లో దాచే డ్రైవు), 2 టీబీ సామర్థ్యం గలది. ఇటువంటి డ్రైవులను సాధారణంగా వీడియో ఎడిటింగు చేసేవారి అవసరాలను బట్టి అంచనా వేస్తుంటారు. పాట దాచుకునేవారికి కావలసినవి వేరు కనుక ఆ వైపు నుంచే దీని గుణదోషాలు చెబుతాను.

2022లో మార్కెట్లోకి వచ్చిన ఈ డ్రైవు బరువు 98 గ్రాములు. పైన రబ్బరు పూత ఉంటుంది. 3 మీటర్ల ఎత్తు నుంచి పడినా తట్టుకుంటుందని కంపెనీ చెబుతోంది; దుమ్ము, నీటి తుంపరల నుంచి రక్షణకు ఐపీ65 గుర్తింపు ఉంది. వయొలిన్ పెట్టెలో రోజిన్ (కమానుకు రాసే గట్టి బంక) పొడి ఎంతగా రాలుతుందో వాయించేవారికి తెలుసు. లోపల తిరిగే భాగాలేవీ లేని ఈ డ్రైవును ఆ పెట్టెలోనే పెట్టుకుని రైలు ప్రయాణాలు చేయవచ్చు. తిరిగే పళ్లెం ఉన్న మామూలు హార్డ్‌డిస్కును అలా తీసుకువెళ్లడానికి నాకు ధైర్యం చాలదు.

ఇక వేగం. 48 కిలోహెర్ట్‌జ్, 24 బిట్ల స్టీరియో వేవ్ (కుదించని ధ్వని) ఫైలు గంటకు ఇంచుమించు 1 జీబీ అవుతుంది. పాత అనలాగ్ రికార్డింగులను డిజిటల్‌లోకి మార్చేటప్పుడు కనీసం ఈ ప్రమాణం పాటించాలని శబ్ద భాండాగారాల అంతర్జాతీయ సంఘం ఐఏఎస్‌ఏ కూడా సూచిస్తుంది. గురువుగారి సేకరణ దాదాపు 400 గంటలది, అంటే 400 జీబీకి పైమాటే. డ్రైవు సెకనుకు 1050 ఎంబీ వరకు చదవగలదు, 1000 ఎంబీ వరకు రాయగలదు. అయితే అందుకు 10 జీబీపీఎస్ (సెకనుకు 10 గిగాబిట్ల) యూఎస్‌బీ పోర్టు ఉండాలి. చాలా ల్యాప్‌టాపుల్లో ఉండే 5 జీబీపీఎస్ పోర్టులో అందులో సగం కూడా రాదు. అయినా ల్యాప్‌టాప్‌లోనూ ఎస్‌ఎస్‌డీయే ఉంటే ఆ సేకరణ మొత్తం పావుగంట, ఇరవై నిమిషాల్లో నకలు అయిపోతుంది. పోర్టబుల్ హార్డ్‌డిస్కు మీద అదే పనికి గంట పడుతుంది, పాత యూఎస్‌బీ 2 పోర్టులో మూడు గంటలు పడుతుంది.

పాట వినడానికి ఈ వేగంతో పని లేదు. ఉపయోగమంతా సరిచూడడంలో ఉంది. నకలు తీయగానే పని పూర్తి కాదు. రాసిన ప్రతి ఫైలునూ మళ్లీ చదివి, అసలుతో అక్షరం పొల్లుపోకుండా సరిపోయిందో లేదో చూడాలి. హార్డ్‌డిస్కు మీద ఈ రెండూ కలిసి రెండు గంటలకు పైగా పట్టడం వల్లనే చాలామంది రెండోదాన్ని వదిలేస్తారు. ఈ డ్రైవుతో సాయంత్రం పాఠం ముగిశాక మొదలుపెట్టి, గురువుగారు భోజనానికి లేచేలోపు రెండూ ముగించవచ్చు. నేను పెట్టిన డబ్బుకు తగిన ఫలం నాకు ఇందులోనే కనిపించింది.

అయితే అమరిక సరిగా లేకపోతే ఎంత మంచి డ్రైవైనా గోనెసంచి లాగే తయారవుతుంది. నేను మూడు ఫోల్డర్లు పెట్టాను: మాతృకలు, శుద్ధప్రతులు, పంచుకునేవి. క్యాసెట్ నుంచి వచ్చిన ధ్వని ఎలా ఉంటే అలాగే మాతృకల్లోకి వెళుతుంది. దాని మీద ఏ మార్పూ చేయను. ఈ నియమం ఎందుకో ఒక ఉదాహరణ చెబుతాను. బ్యాటరీలు బలహీనపడిన టేప్‌రికార్డర్ రికార్డు చేసేటప్పుడు నెమ్మదిగా తిరుగుతుంది కనుక, ఆ క్యాసెట్‌ను సరైన వేగంతో వినిపిస్తే శృతి హెచ్చుతుంది. గురువుగారు ఒకటిన్నర శృతిలో వాయించిన ఒక కచేరీ ఈ కారణంగానే దాని పైదైన రెండు శృతికి దగ్గరగా వినిపిస్తోంది. పైగా బ్యాటరీ క్రమంగా తగ్గినట్టుంది, చివరికి వచ్చేసరికి శృతి ఇంకా పైకి పోయింది. దాన్ని తంబూరా నాదం ఆధారంగా సరిచేసినది శుద్ధప్రతి. రేపు మరొకరు ఇంతకంటే మెరుగ్గా సరిచేయగలిగితే వారికి మాతృక చెక్కుచెదరకుండా దొరకాలి. 90 నిమిషాల క్యాసెట్లో ఒక వైపు 45 నిమిషాలకు అయిపోతుంది కనుక తని ఆవర్తనం (మృదంగం వంటి తాళవాద్యాలు మాత్రమే వినిపించే భాగం) సరిగ్గా మధ్యలో తెగిపోయిన చోట్లు చాలా ఉన్నాయి. శుద్ధప్రతిలో రెండు వైపులనూ కలిపినా, మాతృకలో అవి రెండు ఫైళ్లుగానే ఉన్నాయి.

ఫైలు పేరు తేదీతో మొదలవుతుంది, ముందు సంవత్సరం, తర్వాత నెల, రోజు; అప్పుడు జాబితా దానంతట అదే కాలక్రమంలో నిలుస్తుంది. తేదీ తరువాత ఊరు, ఆ తరువాత రాగం. పాత ప్లేయర్లు తెలుగు అక్షరాలు చూపవు కనుక పేర్లు ఇంగ్లిషు లిపిలో పెట్టక తప్పలేదు, కానీ అందులో తోడి రాగాన్ని ఒకరు ఒక విధంగా, మరొకరు మరో విధంగా రాస్తారు. అందుకని రాగం పేరుకు ముందు మేళకర్త సంఖ్య (72 మూల రాగాల వరుసలో దాని స్థానం) చేర్చాను: తోడికి 08, శంకరాభరణానికి 29, కల్యాణికి 65. జన్యరాగానికి అది పుట్టిన జనకరాగపు సంఖ్య, అంటే మోహనానికి 28. సంఖ్యతో వెతికితే స్పెల్లింగు ఏదైనా అన్నీ బయటపడతాయి. క్యాసెట్ పెట్టెలోని అట్టను ఫొటో తీసి అదే పేరుతో పక్కన పెట్టాను. వెలిసిపోతున్న నీలి సిరాతో గురువుగారు రాసుకున్న రాగాల వరుస, అంచున "మైకు సరిలేదు" అన్న మాట ఆ ఫొటోలో తప్ప ఇంకెక్కడా ఉండవు.

మాతృకలను ఫ్లాక్ రూపంలోకి మార్చడం మేలు. నాణ్యత ఏమాత్రం తగ్గకుండా పరిమాణం తగ్గుతుంది. అంతకంటే ముఖ్యంగా, లోపలి ధ్వని తాలూకు ఎండీ5 సంఖ్య (ధ్వని కొంచెం మారినా మారిపోయే గుర్తింపు సంఖ్య) ఫైలులోనే నమోదై ఉంటుంది కనుక ఏళ్ల తర్వాత కూడా ఫైలు చెడిందో లేదో దాన్ని బట్టి తేల్చుకోవచ్చు. శిష్యులకు వాట్సాప్‌లో పంపేవి పంచుకునే ఫోల్డర్లోని ఎంపీ3లు మాత్రమే.

ఇప్పుడు పరిమితుల సంగతి. ఈ డ్రైవు ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ అయి వస్తుంది. విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ పనిచేయడం దాని సుగుణం, కానీ ఫైలు రాస్తుండగా కేబుల్ ఊడితే నష్టపోయే అవకాశం అందులో ఎక్కువ, కాబట్టి ఎజెక్ట్ చేయకుండా తీయకూడదు. పాస్‌వర్డ్ రక్షణ ఉంది గాని, మరిచిపోతే లోపలి డేటా తిరిగి దక్కదు. వయసు మళ్లిన విద్వాంసుల ఇంట్లో దాన్ని పెట్టవద్దనే నా సలహా. అన్నిటికంటే పెద్ద విషయం, ఏ ఎస్‌ఎస్‌డీ అయినా బీరువాలో పెట్టి మరిచిపోయే వస్తువు కాదు. చిప్పుల పరిశ్రమకు ప్రమాణాలు నిర్ణయించే సంస్థ జెడెక్ ప్రమాణం ప్రకారం, రాత సామర్థ్యం పూర్తిగా వాడేసిన మామూలు ఎస్‌ఎస్‌డీ కరెంటు లేకుండా 30 డిగ్రీల వేడిలో ఒక ఏడాది డేటా నిలబెడితే చాలు. కొత్తది అంతకంటే చాలాకాలం నిలుపుతుంది, కాని వేడి పెరిగే కొద్దీ ఆ గడువు తగ్గుతుంది, మన మే నెల ఎండలు తెలిసినవే. రెండు మూడు నెలలకోసారి కంప్యూటర్‌కు తగిలించి ఫైళ్లన్నిటినీ సరిచూడాలి. మూడేళ్ల వారంటీ డ్రైవుకే వర్తిస్తుంది, అందులోని పాటకు కాదు. అందుకే హార్డ్‌డిస్కు మీద తీసిన నకలు ఒకటి గురువుగారి ఇంట్లో, మరొకటి వేరే ఊళ్లో ఉన్న ఆయన అమ్మాయి ఇంట్లో ఉంచాము.

స్టీరియో రికార్డింగులే ఉన్న చాలామందికి 1 టీబీ సరిపోతుంది. కచేరీని 16 ట్రాకులుగా రికార్డు చేయించేవారికి మూడు గంటలకు 25 జీబీ దాకా అవుతుంది కనుక వారు 2 టీబీ తీసుకోవాలి. ఇంట్లో విని ఆనందించడానికే పాటలు దాచుకునేవారికి ఇది అనవసరపు ఖర్చు, వారికి రెండు హార్డ్‌డిస్కులు చాలు. ఏది కొన్నా బిల్లు ఇచ్చే దుకాణంలోనే కొని, ఒక్క పాట కూడా ఎక్కించకముందే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ గాని ఎఫ్3 గాని (డ్రైవును పరీక్షించే ప్రోగ్రాములు) నడిపి, పెట్టె మీద రాసిన సామర్థ్యం నిజంగా ఉందో లేదో చూసుకోవాలి. మరీ చవకగా దొరికే నకిలీ డ్రైవులు నిజంగా నిండిపోయినా నిండినట్టు చెప్పవు. పాత ఫైళ్ల మీదే కొత్తవి రాసుకుంటూ పోతాయి.