డాస్‌బాక్స్-ఎక్స్: పాత ఫాక్స్‌ప్రో పద్దులకు బాగానే పనికొచ్చింది (4/5)

గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఓ కమిషన్ కొట్టులో లెక్కలు చూస్తాను. మా పద్దులన్నీ విండోస్‌కు ముందటి డాస్ కాలపు డేటాబేస్ ప్రోగ్రాం ఫాక్స్‌ప్రోలోనే ఉన్నాయి. 64 బిట్ విండోస్‌లో అది నేరుగా నడవదు, పాత కంప్యూటర్‌లా నటించే ఎమ్యులేటర్ ప్రోగ్రాం ఉండాల్సిందే.

ఇంతకుముందు వాడిన ఎమ్యులేటర్ పేరు చెప్పను. పొద్దున తెరిస్తే మధ్యాహ్నానికి కంప్యూటర్ నత్తనడక నడిచేది. టాస్క్ మేనేజర్‌లో దాని మెమరీ పెరగడమే తప్ప తగ్గదు. తప్పు ఫాక్స్‌ప్రోదేమోనని లోపల మెమరీ లెక్క చూపే ‘మెమ్’ కమాండ్ కొట్టి చూశాను. డాస్ ప్రోగ్రాములకుండే 640 కేబీ లెక్క ఎక్కడిదక్కడే ఉంది. పాత ప్రోగ్రాం ఎంత తిన్నా ఎమ్యులేటర్ కేటాయించిన మెమరీలోనే తినాలి, కాబట్టి తీసుకున్న మెమరీ వదలని ఈ లీకు ఎమ్యులేటర్‌దే. ఆప్షన్లు ఒక్కొక్కటే ఆపుతూ పోతే చివరికి దొరికింది: విండో సైజు మార్చిన ప్రతిసారీ మెమరీ అంకె ఓ మెట్టు ఎక్కుతోంది, మళ్ళీ దిగట్లేదు. సీజన్‌లో బిల్లుకీ ఎక్సెల్‌కీ మధ్య గంతులేసే నాకు ఇది కుదిరే పనేనా?

ఇప్పుడు వాడుతున్న ఎమ్యులేటర్ డాస్‌బాక్స్-ఎక్స్ ఉచితం. మనం మార్చకపోతే డాస్ ప్రోగ్రాంకి 16 ఎంబీ మెమరీ ఇస్తుంది, ఫాక్స్‌ప్రోకి అదే ఎక్కువ. కొట్టు కట్టేసేదాకా తెరిచే ఉంచినా అంకె దాదాపు కదల్లేదు. దీనికి మూలమైన మామూలు డాస్‌బాక్స్ ఆటల కోసం చేసింది. ఇందులో ప్రింటింగ్ కూడా ఉంది, బిల్లులకు అదే ముఖ్యం.

సెట్టింగుల ఫైలు మాత్రం చాంతాడంత. ఓ స్టార్ తగ్గించింది అందుకే. మారేముందు డేటా ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి.