మీరానా, ఆర్ లెపోరిసా? వైజాగ్ నుంచి చూడాలంటే ఏది మేలు

ఉబ్బుతూ కుంచించుకుంటూ ఉండే ఎర్ర జెయింట్ చుక్కల్లో మీరాకున్నంత పేరు ఇంకో దానికి లేదు, 1596లోనే డేవిడ్ ఫాబ్రిషియస్ అనే ఖగోళ పరిశీలకుడు గమనించాడు, సుమారు 332 రోజులకోసారి బాగా వెలిగి మామూలు కంటికే కనిపిస్తది, తర్వాత బైనాక్యులర్స్‌తో కూడా వెతుక్కోవాల్సినంత మసకబారిపోతది. అందుకే కొత్తవాళ్ళకి అందరూ మీరానే చూపిస్తారు. నా ఓటు అలాగే వెలుగు మారే ఇంకో ఎర్ర చుక్క ఆర్ లెపోరిస్‌కి, కారణం దాని కెమిస్ట్రీ.

ఈ చుక్కల పైపొరల్లో కార్బన్, ఆక్సిజన్ ముందు కలిసి కార్బన్ మోనాక్సైడ్ అయిపోతాయి, అది చాలా గట్టి బంధం, ఓ పట్టాన విడిపోదు, ఆ తర్వాత ఏది మిగిలితే దానిదే రాజ్యం. మీరాలో మిగిలేది ఆక్సిజన్, అందుకే అక్కడ టైటానియం ఆక్సైడ్, నీటి ఆవిరి. ఆర్ లెపోరిస్‌లో హీలియం మండగా తయారైన కార్బన్ లోపలి నుంచి పైకి తేలి ఆక్సిజన్‌ని మించిపోయింది, ఆ కార్బన్ అణువులూ, సయనోజనూ (కార్బన్, నైట్రోజన్ కలిసిన అణువు) నీలి వెలుగుని మింగేస్తాయి, మనదాకా వచ్చేది ఎరుపే. 1845లో హైండ్ అనే ఇంగ్లిష్ ఖగోళ శాస్త్రవేత్త దాన్ని చూసి రక్తపు బొట్టుతో పోల్చాడు.

కార్బన్, ఆక్సిజన్ రెండూ దాదాపు సమానంగా ఉండి జిర్కోనియం ఆక్సైడ్ కనిపించే కై సిగ్ని అనే చుక్క కూడా ఉంది గానీ, సాయంత్రాలు అది నడినెత్తికొచ్చే టైంకి మనకి వానలు, వదిలేయండి.

మీరాతో ఇంకో చిక్కు, వెలుగు పీక్ ఏటా నెల ముందుకి జరుగుతూ ఒక్కోసారి మార్చి, ఏప్రిల్‌లో పడుతుంది, అప్పుడది సూర్యుడి పక్కన ఉంటది. ఆర్ లెపోరిస్ చక్రం సుమారు 14 నెలలు, వెలుగు 5.5 నుంచి 11.7 మాగ్నిట్యూడ్ దాకా (ఈ అంకె పెరిగేకొద్దీ చుక్క మసక) మారుతుంది, బ్రైట్‌గా ఉంటే బైనాక్యులర్స్ చాలు, లేదంటే చిన్న టెలిస్కోప్ కావాలి, అందుకే బయల్దేరే ముందు ఏఏవీఎస్‌ఓ (వెలుగు మారే చుక్కల్ని గమనించేవాళ్ళ అమెరికన్ సంఘం) లైట్ కర్వ్, అంటే వెలుగు ఎలా మారుతోందో చూపే గ్రాఫ్, చూస్కోండి.

ఆర్కే బీచ్ లైట్లలో కష్టం, భీమిలి దాటి వెళ్ళండి, జనవరి సాయంత్రం, చంద్రుడు లేని రోజు. గొల్లకావడి (ఒరాయన్ నడుము దగ్గరి మూడు చుక్కలు) కింద నీలి తెలుపు చుక్క రైజెల్ ఉంటది కదా, దానికి దిగువగా కొంచెం పడమరకి ఏడెనిమిది డిగ్రీలు. సముద్రం మీద అప్పుడే లేచిన ఏ చుక్కైనా ఎర్రగానే కనబడతది కాబట్టి బాగా పైకొచ్చేదాకా ఆగి, ఫోకస్ కాస్త తప్పించి చూడండి, చుక్క చిన్న బిళ్ళలా విచ్చుకుని రంగు తేలుతుంది, వెంటనే రైజెల్‌ని చూస్తే తేడా ఒళ్ళు జలదరిస్తది నిజంగా. అదేపనిగా చూడకండి, ఎర్ర చుక్క చూసేకొద్దీ ఇంకా బ్రైట్‌గా అనిపించి అంచనా తప్పుతుంది.

చేతిలో ఏ పరికరమూ లేని పిల్లలకైతే మీరానే, పీక్ చలికాలంలో పడ్డ ఏడాది చూసి చూపించండి.