‘తీర్చబడటం’ అంటే ఏమిటి? లూథరన్, కథోలిక సమాధానాలు

గుంటూరు వైపు లూథరన్లు (పదహారో శతాబ్దపు సంస్కర్త మార్టిన్ లూథర్ బాటలో నడిచే ప్రొటెస్టంట్లు), కథోలికులు ఇరుగుపొరుగునే ఉంటారు. విశ్వాసం వల్ల మనిషి నీతిమంతుడవుతాడని ఇద్దరూ అంటారు. తేడా ‘అవుతాడు’ అనే మాటలో ఉంది.

తెలుగు బైబిల్లో ‘నీతిమంతులుగా తీర్చబడుట’ అని ఉంటుంది. ఈ ‘తీర్చు’ నాకు భలే ఇష్టం. తీర్పు తీర్చడమూ అదే, తీర్చిదిద్దడమూ అదే.

లూథర్ పట్టుకున్నది మొదటి అర్థం. దోషి బోనులో నిలబడ్డాడు. క్రీస్తు నీతిని అతని లెక్కలో వేసి, దేవుడు నిర్దోషి అని ప్రకటించాడు. లోపల పాపం ఇంకా ఉంది, అయినా తీర్పు మారదు. అందుకే లూథరన్ దృష్టిలో విశ్వాసి ఒకేసారి నీతిమంతుడూ పాపీ. మంచి పనులు తప్పక వస్తాయి, కానీ చెట్టుకు కాయల్లా, తర్వాత.

కథోలికులకు రెండో అర్థం కూడా కావాలి. 1547లో కథోలిక సంఘ మహాసభ అయిన ట్రెంట్ సభ చెప్పిందిదే: పాపక్షమాపణతో పాటు మనిషి లోపలినుంచి కొత్తవాడవుతాడు. బాప్తిస్మంలో పొందిన కృప ప్రేమతో, మంచి పనులతో పెరుగుతుంది. ఘోరపాపం చేస్తే పోతుంది, పాపసంకీర్తనంతో, అంటే గురువు ముందు పాపాలు ఒప్పుకోవడంతో, తిరిగి వస్తుంది. కథోలికులు పనులతో రక్షణ కొనుక్కుంటారనడం మాత్రం అన్యాయం. తొలి కృపను ఎవరూ సంపాదించుకోలేరని ఆ సభే స్పష్టంగా చెప్పింది.

మరణపడక మీద భయపడే మనిషికి లూథర్ మాటే ఎక్కువ ధైర్యమిస్తుందని నా నమ్మకం. రోజూ కోపంతో పోరాడేవాడికి కథోలిక మాట దగ్గరగా వినిపిస్తుంది.

1999 అక్టోబర్ 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, కథోలిక సంఘం ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశాయి. మూల సత్యాల్లో ఒప్పందం కుదిరింది. ‘ఒకేసారి పాపీ’ అన్న మాట దగ్గర మాత్రం వివరణలు ఇంకా వేరుగానే ఉన్నాయి.