రియో లాపా ఆర్చీలకు ‘ఎంట్రీ టికెట్’ అమ్మితే కొనకండి

రియో డి జనీరో ట్రిప్ ప్లాన్ చేసుకుంటున్నవాళ్లు ఇది చదివాకే బుకింగ్ చేయండి. లాపా ఆర్చీలకు ‘ప్రయారిటీ ఎంట్రీ’ అని ఆన్‌లైన్‌లో ప్యాకేజీ అమ్మారు మాకు. తీరా వెళ్తే అక్కడ గేటూ లేదు, టికెట్టూ లేదు. మైదానం మధ్యలో అందరికీ కనబడేలా నిలబడి ఉన్న కట్టడం అది. ఎవరైనా వెళ్లి చూడొచ్చు.

పోర్చుగీసువాళ్ల పాలనలో కరియోకా నది నీళ్లను ఊళ్లోకి తేవడానికి కట్టిన కాలువ వంతెన ఇది, 1750లో పూర్తయింది. రెండు అంతస్తుల్లో 42 ఆర్చీలు, 17 మీటర్ల పైచిలుకు ఎత్తు, మొత్తం తెల్ల రంగు. చూసి తీరాల్సిందే, దానికి వంక పెట్టను. 1896 నుంచి దాని మీద సాంతా తెరేజా కొండకు ట్రామ్ నడుస్తోంది. అమ్మేవాళ్లు ఆడుకునేది సరిగ్గా ఈ ట్రామ్‌తోనే.

మేం కొన్న ప్యాకేజీ పేజీలో ఆర్చీల మీద పోతున్న పసుపు ట్రామ్ ఫొటో పెద్దగా పెట్టారు. గైడ్ మాత్రం కింద నిలబెట్టి నాలుగు ఫొటోలు తీసి, పక్కనే ఉన్న సెలరాన్ టైల్స్ మెట్ల దగ్గరికి తీసుకెళ్లి (అదీ ఉచితమే), ‘ట్రామ్ ఆప్షనల్, టికెట్ మీరే కొనుక్కోవాలి’ అని చేతులు దులుపుకున్నాడు. రీఫండ్ అడిగితే ‘ఎంట్రీ ఇచ్చాం కదా’ అని జవాబు! ట్రామ్ ఎక్కాలంటే కరియోకా మెట్రోకి దగ్గర్లో ఉన్న ట్రామ్ స్టేషన్‌కి నేరుగా వెళ్లి అక్కడే టికెట్ తీసుకోండి. మధ్యలో ఎవరూ అక్కర్లేదు.

ఇంకోటి. శుక్ర, శనివారాల రాత్రి ఆర్చీల కింద జాతరే. సాంబా పాటలు, కైపిరిన్యా (బ్రెజిల్ మందు కాక్‌టెయిల్) బండ్లు, జనం. అక్కడ కార్డు ఇచ్చేటప్పుడు మెషిన్ స్క్రీన్ చూడండి. మా ముందున్న బండివాడి మెషిన్ స్క్రీన్ అంతా గీతలు, అంకెలు కనబడవు. బ్రెజిల్‌లో మనం చుక్క పెట్టేచోట కామా పెడతారు, 15,00 అంటే పదిహేను రియాల్. ఆ కామా కనబడకపోతే 150,00 కొట్టినా తెలియదు. చిల్లర నోట్లు దగ్గర పెట్టుకుంటే ఈ టెన్షనే ఉండదు. ఫోన్ చేతిలో ఊపుకుంటూ తిరగకండి.

ప్యాకేజీ డబ్బు కోసం బ్యాంకులో డిస్ప్యూట్ వేశాం. వాళ్లు మొదట అడిగింది ఆ పేజీ స్క్రీన్‌షాట్. కొనేముందే తీసి పెట్టుకోండి, ఎందుకంటే మేం ఫిర్యాదు చేశాక ‘ఎంట్రీ’ అన్న మాట ఆ పేజీలోంచి మాయమైంది.