కోకోపీట్ దిమ్మ: మూడు శీతాకాలాలు వాడాక

కొబ్బరి పొట్టును గట్టిగా నొక్కి చేసే ఈ దిమ్మ మీద నాకు ఇప్పటికీ కోపం ఉంది. నిజానికి దిమ్మ మీద కన్నా దాన్ని అమ్మిన తీరు మీదే ఎక్కువ. "నీళ్లలో నానబెట్టి వాడండి" అని అచ్చేసిన చోటే "కడిగి వాడండి" అని ఇంకో ముక్క వేసి ఉంటే, 2023లో మేం డాబా మీద మొదటిసారి పోసుకున్న కూరగాయల నారు అలా పోయేది కాదు.

మాది విజయవాడ పటమటలో రెండంతస్తుల ఇల్లు. ఎండాకాలం డాబా మీద చెప్పుల్లేకుండా అడుగు పెట్టలేం కాబట్టి శీతాకాలం పంటతోనే మొదలుపెడదాం అనుకున్నాం. ఉత్తర కార్తెలో నారు పోస్తే చిత్త కార్తెలో నాటొచ్చు, సంక్రాంతికి టమాటాలు, కాలీఫ్లవర్ కోయొచ్చు అని క్యాలెండర్ మీద గుర్తులు కూడా పెట్టుకున్నాను. ఎర్రమట్టి బస్తాలు పైకి మోయించడమే పెద్ద టెన్షన్. 5 కిలోల దిమ్మనైతే చంకలో పెట్టుకొని మెట్లెక్కేశాను. టబ్బులో పెట్టి నీళ్లు పోస్తే పొంగి పొంగి దాదాపు 70 లీటర్ల పొట్టు అయింది. ఆ సాయంత్రమే మా చెల్లికి ఫోన్ చేసి నువ్వు కూడా ఇదే కొను అని చెప్పాను.

నారు పెంచే గుంతల ట్రేలో (ప్రోట్రే) ఒట్టి పొట్టు నింపి విత్తనాలు పెట్టాను. మొలకలు బాగానే వచ్చాయి. అసలాకులు రెండు వేసేసరికి అంచులు గోధుమ రంగుకు తిరిగాయి. వేలితో తాకితే కాల్చిన అప్పడం అంచులా పొడిపొడిగా రాలాయి. నీళ్లు చాలడం లేదేమోనని రెండు పూటలా పోశాను. పురుగేమోనని వేపనూనె కొట్టాను. పొట్టు పైన సన్నగా తెల్లటి పొర కడితే బూజు అనుకొని గోకేశాను. సెప్టెంబరు నెలాఖరుకి 98 గుంతల ట్రేలో మిగిలినవి పదకొండు మొక్కలు.

పక్కింటి బాబాయిగారిది నాగాయలంక వైపు. వ్యవసాయం మానేసి ఇక్కడ కొడుకు దగ్గర ఉంటున్నారు. ట్రే చూసి ఏమీ అనలేదు. మిగిలిన పొట్టు గుప్పెడు తీసి గ్లాసులో వేసి, నీళ్లు పోసి కాసేపు ఆగారు. నీళ్లు టీ డికాషన్ రంగుకు వచ్చాయి. వేలు ముంచి నాలుకకు రాసుకున్నారు. "నువ్వూ చూడమ్మాయ్" అన్నారు. ఉప్పగా తగిలింది.

"మా చౌడు చేలల్లో నారు ఇట్టాగే మాడిపోద్ది. నువ్వు చేసింది ఏం లేదులే."

తర్వాత చదివి తెలుసుకున్నాను. కొబ్బరి డొక్కలోనే సోడియం, పొటాషియం ఉంటాయి. పైగా పీచు తీయడానికి డొక్కల్ని చాలాచోట్ల ఉప్పునీటి కయ్యల్లో నానబెడతారు. పీచు తీశాక మిగిలే పొట్టును కడక్కుండా దిమ్మ కొడితే ఆ ఉప్పంతా అందులోనే ఉండిపోతుంది. కొన్ని ప్యాకెట్ల మీద ఉండే 'లో ఈసీ' అనే మాటకు ఉప్పు తక్కువ అని అర్థం. కడగని పొట్టు మొక్కకు అందాల్సిన కాల్షియాన్ని కూడా తనే పట్టేసుకుంటుంది. ఆ ఏడాది బతికిన టమాటాలకు కాయ అడుగు నల్లబడి కుళ్లడానికి అదే కారణమని ఇప్పుడు అనుకుంటున్నాను.

రెండో ఏడాది నుంచి మూడుసార్లు నానబెట్టి, పిండి, నీళ్లు పారబోస్తున్నాను. ఆఖర్న దిమ్మకు 100 గ్రాముల కాల్షియం నైట్రేట్ కలిపిన నీళ్లలో రాత్రంతా ఉంచి, పొద్దున మళ్లీ ఒకసారి కడుగుతాను. అలా చేశాక నారు విషయంలో దీనికి సాటి లేదు. గుంతలోంచి మొక్కను లాగితే ఒక్క రవ్వ రాలకుండా, తెల్లటి వేళ్లు అల్లుకున్న చిన్న ముద్దలా బయటికి వస్తుంది. మొదటిసారి అలా వచ్చినప్పుడు ఆ మొక్కను కింది దాకా తీసుకెళ్లి అందరికీ చూపించాను.

మొక్కలు పెంచే బ్యాగుల్లో మట్టికి బదులు నింపడానికి మాత్రం అప్పట్లో చెల్లికి చెప్పినంత గట్టిగా ఇప్పుడు చెప్పను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ అంతా మునిగినప్పుడు మట్టి తోలే అతను రెండు వారాలు రాలేదు. ఆగలేక సగానికి పైగా పొట్టుతోనే బ్యాగులు నింపేశాను. అక్టోబరు వానలకు పైన పొడిగా కనిపించేది, రెండంగుళాలు లోపల వేలు పెడితే తడి ముద్ద. పాలకూర వేళ్లు కుళ్లిపోయాయి. బరువు లేకపోవడం వల్ల చిక్కుడు పాదు ఉన్న బ్యాగు పందిరితో సహా గాలికి పడిపోయింది. ఏడాది తిరిగేసరికి పొట్టు నాలుగు వేళ్లు కిందికి దిగింది. ఇప్పుడు పొట్టు పావు వంతే వేస్తున్నాను. మిగతాదంతా ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కాస్త వేపపిండి. అంటే మట్టి మోత తప్పలేదు, కొంచెం తగ్గింది.

నారు కోసమైతే మళ్లీ కొంటాను. మాకు కుళాయిలో కృష్ణ నీళ్లు వస్తాయి కాబట్టి అన్నిసార్లు కడగగలుగుతున్నాను. బోరు నీళ్లే ఉప్పగా ఉండేవాళ్లు కొనమని నేను చెప్పలేను. కింద పెరడు ఉన్నవాళ్లకు బ్యాగుల కోసం దీని అవసరమే రాకపోవచ్చు.

ఈసారి దిమ్మ తెచ్చి మూడుసార్లు కడిగాక, ఆ నీళ్లు గ్లాసులో పట్టుకొని పిట్టగోడ దగ్గరికి వెళ్లాను. బాబాయిగారు వేలు ముంచి రుచి చూశారు.

"ఇంకొక్కసారి కడుగమ్మాయ్" అన్నారు.