అడుగున పట్టీయా, పైమూల బాణమా?
తిరుపతి బస్టాండు దగ్గరి నెట్ సెంటర్లలో 300 రూపాయల దర్శనం టికెట్ పీడీఎఫ్‌ను దింపుకొని ప్రింటు తీయించుకునేవారిని గమనిస్తే, డౌన్‌లోడ్ బ్రౌజర్‌లో ఎక్కడ కనిపించాలన్నది చిన్న విషయం కాదని అర్థమవుతుంది.

2023 వరకు క్రోమ్‌లో దిగిన ఫైలు తెర అడుగున ఒక పట్టీలో నిలిచి ఉండేది. ప్రింటు తీసే కుర్రవాడు దాన్ని మౌస్‌తో పట్టుకొని నేరుగా వాట్సాప్ వెబ్‌లోకి లాగి వదిలేవాడు. అయితే ఆ పట్టీ పేజీ ఎత్తును కొంత మింగేది, ఫైళ్లు పెరిగితే పాతవి కనుమరుగయ్యేవి.

ఫైర్‌ఫాక్స్ 2013లోనే ఎంచుకోగా క్రోమ్ తరువాత అనుసరించిన పైమూల బాణం పేజీని కదిలించదు. నొక్కితే ఇటీవలి ఫైళ్లు ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి, ఆగినదాన్ని అక్కడే మళ్లీ మొదలుపెట్టవచ్చు. చిక్కల్లా ఆ ప్యానెల్ చూస్తుండగానే ముడుచుకుపోవడం: టికెట్ దిగలేదనుకొన్న పెద్దాయన మళ్లీ మళ్లీ నొక్కితే, పేరు చివర 1, 2 అంకెలతో నకళ్లు పోగవుతాయి.

నా మటుకు పైమూల బాణమే మేలు. కాని ఫైలు తెరిచేదాకా దాని పేరు ఆ గుర్తు పక్కనే నిలిచి ఉండాలి. పదిమంది వాడే కంప్యూటర్‌లో ఎవరి ఆధార్ కాపీ ఎవరి కంటపడుతుందో తెలియదు కనుక, ఫైలును చెరిపే మీట కుడి క్లిక్ చాటున కాక ఎదురుగానే ఉండాలి.