ఆఫీసులో ఏపుగా పెరిగిపోయిన చెట్టు: ఒకేసారి కొట్టేయాలా, విడతలుగా కత్తిరించాలా?

తొలకరి పడిందంటే చాలు, నన్ను అందరూ అడిగే ప్రశ్న ఒకటే. ఆఫీసులో ఎప్పుడో ఎవరో తెచ్చి పెట్టిన రబ్బరు మొక్క ఫాల్స్ సీలింగ్‌కి తగిలి వంగిపోయింది, కింద సగం వరకు ఆకు లేదు, ఉన్న ఆకుల మీద దుమ్ము. దీన్ని ఒకేసారి మోడు చేసేయాలా, కొంచెం కొంచెంగా కత్తిరించుకుంటూ రావాలా, లేక తీసేసి కొత్తది తెచ్చుకోవడమే నయమా? విజయనగరంలో బ్యాంకు ఉద్యోగులు అడిగారు, బొబ్బిలిలో లెక్చరర్లు అడిగారు, శ్రీకాకుళం నుంచి ఫోన్ చేసి మరీ అడిగారు. ఈ ఏడాది మా ఆఫీసు చెట్టుకి నేనే ఆ నిర్ణయం తీసుకోవలసి వచ్చింది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎలా కత్తిరించారన్నది రెండో సంగతి. కత్తిరించాక ఆ చెట్టు ఉండే చోట వెలుతురు ఎంత అన్నదే దాని చావుబతుకులు తేలుస్తుంది. పద్ధతిని ఎంచుకోవలసింది కూడా ఆ వెలుతురును బట్టే.

ఇక్కడ చెప్పేదంతా కొమ్మ కొడితే కింద నుంచి చిగురేసే జాతుల గురించి. రబ్బరు మొక్క, చిన్నాకుల ఫైకస్, షెఫ్లెరా, డ్రసీనా ఆ కోవలోవే. అరెకా పామ్ అలా కాదు. మొవ్వు పోతే కొబ్బరి చెట్టు ఏమవుతుందో కొబ్బరి తోటలున్న ఉద్దానం వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. అరెకాలో కూడా ఏ కాండం తల తీస్తే ఆ కాండం పోయినట్టే. ఎత్తు పెరిగిపోయిందని దాని మీద కత్తి పెట్టకండి.

ఒకేసారి కొట్టేయడం మీద మనవాళ్ళకి నమ్మకం ఎక్కువ. దానికి కారణం కూడా ఉంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ తుఫాన్లు వచ్చి వెళ్ళాక తలలు విరిగిన చెట్లు మళ్ళీ పచ్చబడడం కళ్ళారా చూసిన జిల్లాలివి. ముదురు మామిడి తోటల్లో పెద్ద కొమ్మలు కోసి కొత్త కొమ్మలు రప్పించడం ఉద్యాన శాఖ వాళ్ళు చెప్పే పద్ధతే. అయితే ఆ చెట్లన్నీ ఆరుబయట ఎండలో ఉన్నాయి. మోడుగా మిగిలిన చెట్టు మొదట కాండంలో, వేళ్ళలో దాచుకున్న పిండిపదార్థాన్ని ఖర్చుపెట్టి చిగురిస్తుంది. ఆ చిగురు ఆకై, వెలుతురు పట్టి, తిరిగి చెట్టుకి తిండి పెట్టాలి. వెలుతురు లేని మూలలో ఆ రెండో సగం జరగదు. చిగురు వస్తుంది కానీ ఆకుకీ ఆకుకీ మధ్య జానెడు ఎడంతో, సన్నగా, పాలిపోయి సాగుతుంది. కొన్నాళ్ళకి అదీ ఆగిపోతుంది. అసలు ఆ చెట్టు అంత పొడుగ్గా, బోడిగా అయిందే వెలుతురు కోసం వెతుక్కుంటూ. కారణాన్ని అలాగే ఉంచి కొమ్మల్ని మాత్రం తీసేస్తే ఏం లాభం?

లెక్కలు చూస్తే ఇంకా తేటగా అర్థమవుతుంది. వెలుతురుని కొలిచేది లక్స్‌లలో. మిట్టమధ్యాహ్నం ఎండ దాదాపు లక్ష లక్స్ ఉంటుంది. బయట మంచి నీడలో కూడా పది వేల లక్స్ వరకు దొరకొచ్చు. అదే ఆఫీసు టేబుల్ మీద ట్యూబ్‌లైట్ల వెలుగు 300 నుంచి 500. ఫైళ్ళు చదవడానికి అది మనకి చాలు, చెట్టుకి చాలదు. అద్దాలకి నల్ల ఫిల్మ్ అంటించిన గదుల్లో కిటికీ పక్కన కూడా వెలుతురు బాగా తగ్గిపోతుంది. మన కంటికి ఆ తేడా తెలియదు, ఎందుకంటే కన్ను సర్దుకుంటుంది. ఫోన్‌లో లక్స్ కొలిచే యాప్ వేసుకుని, మధ్యాహ్నం పూట చెట్టు తల ఉన్న చోట ఒకసారి చూడండి. ఫోన్ కొలత కచ్చితం కాకపోయినా అంచనాకి సరిపోతుంది. నేను పెట్టుకున్న గీత వెయ్యి. అంతకన్నా తక్కువ చూపిస్తే ఆ చోట మోడు చేయవద్దనే చెబుతాను.

మరి మా చెట్టుని ఒకేసారి ఎందుకు కొట్టాం? మాకు తూర్పు వైపు వరండా ఉంది. పొద్దుటి ఎండ పడుతుంది, తర్వాత రోజంతా వెలుతురు. కుండీని అక్కడికి జరిపి, వానలు నిలకడగా పడడం మొదలయ్యాక రబ్బరు మొక్కని నడుం ఎత్తులో కోసేశాం. ఇందులో ఇంకో లాభం ఉంది. గది నీడలో పెరిగిన ఆకుల్ని హఠాత్తుగా ఎండకి తెస్తే మాడిపోతాయి. మోడుకి ఆ బెడద లేదు. కొత్తగా వచ్చే ఆకు ఆ వెలుతురుకి తగ్గట్టే తయారై వస్తుంది. మా అటెండరు ఆ మోడుని చూసి "ఇది బతుకుతాదేటి మేడమ్?" అని రోజూ అడిగేవాడు. ఇప్పుడు కోసిన చోటుకి కిందనే మూడు వైపులా ఎర్రటి మొగ్గలు విచ్చుకున్నాయి, వచ్చినవాళ్ళకి ఆయనే చూపిస్తున్నాడు.

సమయం గురించి కూడా చెప్పాలి. చాలా పుస్తకాల్లో వసంతకాలంలో కత్తిరించమని ఉంటుంది. అది మంచు కురిసే దేశాల లెక్క. మన దగ్గర మార్చి, ఏప్రిల్ అంటే ఎండలు ముదిరే రోజులు. లేత చిగురు వచ్చీరాగానే వడగాడ్పు తగులుతుంది. జూన్ మూడో వారం నుంచి ఆగస్టు లోపల కోస్తే వేడీ తేమా రెండూ ఉంటాయి, చిగురు తొందరగా వస్తుంది, చలికాలానికి ముందే ఆకు గట్టిపడుతుంది. దసరాకి ఆఫీసు శుభ్రం చేసినప్పుడు చూద్దాంలే అని వాయిదా వేస్తే మంచి కాలమంతా పోతుంది.

కోసేటప్పుడు పాత ఆకు రాలిన మచ్చకి కాస్త పైన, ఏటవాలుగా కోయాలి. సన్న కొమ్మకి సికేచర్ (కొమ్మలు కత్తిరించే కత్తెర), లావు కాండానికి చేతి రంపం. రెండూ స్పిరిట్‌తో తుడిచి వాడండి. ఫైకస్ జాతుల (రబ్బరు మొక్కా వీటిలోదే) పాలు చర్మానికి పడితే దురద పెడతాయి, కంట్లో పడితే ఇంకా కష్టం. గ్లౌజులు వేసుకుని, కింద పాత పేపర్లు పరిచి, పాలు కారడం ఆగేదాకా తడిగుడ్డతో అద్దాలి.

అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండవలసింది నీళ్ళ దగ్గర. ఆకులే లేని చెట్టు నీళ్ళు తాగదు. కానీ అలవాటు ప్రకారం పొద్దున్నే ఒక మగ్గు పోస్తూనే ఉంటారు. నేను చూసినంతలో మోడు చేసిన చెట్లలో కోత వల్ల పోయినవి అరుదు, వేరు కుళ్ళి పోయినవే ఎక్కువ. వేలు రెండు కణుపుల లోతు దింపి, పొడిగా తగిలితేనే పోయండి. వాటర్ ఫిల్టర్ నుంచి వచ్చే వృథా నీళ్ళు వద్దు, అందులో ఉప్పులు ఎక్కువ. కుండీ అంచున తెల్లటి చార కడుతుంటే అప్పటికే ఉప్పు పేరుకుందని గుర్తు. పైన రెండు అంగుళాల మట్టి తీసేసి కొత్త మట్టి, కొబ్బరి పొట్టు కలిపి వేస్తే ప్రస్తుతానికి చాలు. వేళ్ళు కుళ్ళిన వాసన వస్తే తప్ప, కుండీ మార్చడం కొత్త చిగుళ్ళు నిలబడ్డాకే. ఎరువు కూడా అప్పుడే.

ఇక విడతల పద్ధతి. చెట్టుని జరపడానికి వీల్లేకపోతే, వెలుతురు ఓ మోస్తరుగానే ఉంటే, ఇదే దారి. మూడో వంతు కొమ్మలు తీసి, నెలా నెలన్నర ఆగి, చిగురు చూశాక మరో వంతు తీస్తారు. చెట్టు మీద ఎప్పుడూ కొంత ఆకు ఉంటుంది కాబట్టి తిండికి లోటు రాదు. చిన్నాకుల ఫైకస్‌కి నేను దీన్నే ఒప్పుకుంటాను. ఆ జాతిలో ఒక కొమ్మ మీద పచ్చాకు ఒక్కటీ మిగల్చకపోతే ఆ కొమ్మ మొదలంటా ఎండిపోవడం మామూలే. అందుకే ప్రతి కొమ్మకీ చివర కొన్ని ఆకులు వదిలి కోయాలి. లోపల చిక్కుకున్న ఎండుపుల్లలు తీసేస్తే మధ్య దాకా వెలుతురు వెళ్తుంది.

దీంతో ఇబ్బంది చెట్టు వైపు నుంచి కాదు, ఆఫీసు వైపు నుంచి. మొదటి విడత ఉత్సాహంగా అవుతుంది. రెండో విడత వచ్చేసరికి ఆ మనిషికి పార్వతీపురమో టెక్కలో ట్రాన్స్‌ఫర్ అవుతుంది. చెట్టు ఒక పక్క గుబురుగా, ఇంకో పక్క బోడిగా ఉండిపోతుంది. విడతల దారి పట్టేవాళ్ళు రెండు మూడు తేదీల్ని ముందే గోడ క్యాలెండర్ మీద రాసి, ఇంకొకరికి కూడా చెప్పి ఉంచండి.

గాలి అంటు కట్టడం మూడో దారి. పైభాగం పచ్చగా ఉండి, కింద మాత్రం బోడి అయిన రబ్బరు మొక్కకి బాగా పనికొస్తుంది. కాండం చుట్టూ అంగుళం వెడల్పున బెరడు ఉంగరంలా తీసి, కింద జిగురు పొర గీకి, తడిపి పిండిన నాచు (నర్సరీల్లో దొరికే స్ఫాగ్నమ్ మాస్) చుట్టి, పాలిథిన్ కాగితంతో రెండు చివర్లా బిగించి కట్టాలి. వానాకాలంలో నెలా రెండు నెలల్లో కాగితంలోంచి వేళ్ళు కనిపిస్తాయి. అప్పుడు కింద కోసి ఇంకో కుండీలో పెడితే తల కొత్త మొక్క అవుతుంది, మొదలు మళ్ళీ చిగురిస్తుంది. ఏసీ గదిలో నాచు ఆరిపోకుండా చూసుకోవాలి. చెయ్యి తిరిగినవాళ్ళు పక్కన ఉంటే తప్పకుండా చేయండి. మిగిలిన మోడుకి మాత్రం వెలుతురు గురించి పైన చెప్పిందంతా వర్తిస్తుంది.

కడియం నర్సరీల నుంచి లారీల్లో వచ్చే కొత్త మొక్క కొనడం సులువే. కానీ పాతది నీరసించిన అదే మూలలో పెడితే దానికీ అదే గతి. పాత చెట్టుని ఆఫీసు ఆవరణలో నేలలో నాటేద్దామంటారు కొందరు. ప్రహరీకీ డ్రైనేజీకీ దూరంగా విశాలమైన చోటు ఉంటే సరే, లేదంటే ఫైకస్ వేళ్ళు గోడల్ని చీలుస్తాయి.

మొత్తమ్మీద వరండా ఉన్న ఆఫీసుకి, రబ్బరు మొక్కకి, వానాకాలంలో అయితే ఒకేసారి కోయడానికే నా ఓటు. వరండా లేక, కిటికీ దగ్గర చోటు కూడా దొరక్కపోతే, విడతలుగా కత్తిరించినా సరే, తలకి రెండడుగుల పైన ఇరవై వాట్ల తెల్ల ఎల్‌ఈడీ బార్ ఒకటి వేలాడదీసి రోజుకి పన్నెండు గంటలు వెలిగేలా టైమర్ పెట్టండి. ఆదివారాలు, రెండో శనివారాలు గది చీకటిగా ఉన్నా దానికి పస్తు ఉండదు.

బయట పెట్టిన కుండీని అక్టోబరు తుఫాన్ల లోపే లోపలికి తెచ్చుకోవాలి. ఒక్కసారిగా కాకుండా, ముందు గుమ్మం దగ్గర రెండు వారాలు ఉంచి, తర్వాత కిటికీ పక్కకి చేర్చండి, ఏసీ గాలి నేరుగా తగలని వైపున. చోటు మారిన కొత్తలో కొన్ని ఆకులు పసుపు తిరిగి రాలుతాయి. దాహం వేసిందనుకుని నీళ్ళు పెంచవద్దు, కుండీని మళ్ళీ మళ్ళీ జరపవద్దు. ఆకుల్ని వారానికోసారి తడిగుడ్డతో తుడుస్తూ, తిరగేసి అడుగున పిండినల్లి (తెల్లటి దూదిలా అంటుకునే పురుగు) ఉందేమో చూస్తే చాలు.